పంపు చెప్పిన చివరి మాట

శుద్ధ విదియ

బొమ్మపెట్టెల తరగతి నడిపే టీచరు ఏ రోజుకారోజు దినచర్య రాసి పెట్టాలని మా గట్టూరు కమిటీ తీర్మానించింది. యంత్రాలు మాట్లాడిన కాలంలో ఈ గొడవ లేదట. ఎవరు ఏం చేశారో అవే గుర్తుపెట్టుకునేవట, అడిగితే అవే చెప్పేవట. అవి మూగబోయాక ఆ చాకిరీ కూడా మనుషుల నెత్తిన పడింది. నేను రాసేది ఎవరూ చదవరని నాకు తెలుసు. కాబట్టి తోచినట్టే రాస్తాను.

నా పేరు రంగనాయకి. నేను తెలుగు టీచర్ని. సంధులు, సమాసాలు, నానార్థాలు చెప్పుకుంటూ బతికినదాన్ని. పోయినేడు ఒడ్డు మీద పాడుబడ్డ గిడ్డంగిలో ఈ బొమ్మపెట్టెలు దొరికితే పడవ నిండా తెచ్చి, "పిల్లలకైనా యంత్రాల లోపలి సంగతి తెలియాలి, మనలాగా మొద్దులు కాకూడదు" అని నాకు అంటగట్టారు. నాకు మాత్రం ఏం తెలుసు? ప్రతి పెట్టెలో ఒక బొమ్మల కాగితం ఉంటుంది. పిల్లల కంటే ఒక పూట ముందు దాన్ని నేను చూస్తాను. నా విద్య అంతే.

ఇవాళ గిలక పాఠం. "ఇంట్లో బరువైనది ఏదైనా గిలకతో పైకి లాగి వచ్చి చెప్పండి" అని ఇంటిపని ఇచ్చాను. కరీముల్లా వాళ్ళ మేకపిల్లను లాగబోయాడట, అది ఒప్పుకోలేదట. ఇంకొకడు చెల్లెల్ని లాగి వీపు వాయించుకున్నాడు. పల్లపు వరస నుంచి వచ్చే తిరపతమ్మ లేచి నిలబడింది. దాన్ని అందరూ తిప్పి అంటారు. పేరుకు తగ్గట్టే చేతిలో ఏది పెట్టినా తిప్పి చూస్తుంది.

"మేం బియ్యం డబ్బా లాగాం టీచర్. మంచం లాగాం. పొయ్యి కూడా లాగాం. అయ్యన్నీ పైనే ఉన్నాయ్."

"మళ్ళీ దించలేదా?"

"కింద నీళ్ళు గదా."

పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా ఊరంటే సముద్రంలో ఒక గుండ్రటి గట్టు, దాని లోపల మూడు వరసల ఇళ్ళు. బయట సముద్రం మా ఇంటి కప్పుల కంటే ఎత్తులో ఉంటుంది. గట్టులోంచి ఊరే నీళ్ళు, వాన నీళ్ళు అన్నీ పల్లపు వరస పక్కనున్న గుంటలోకి దిగుతాయి. వాటిని తోడి గట్టు అవతల పోసేది ఒకే ఒక్క పెద్దపంపు. అమావాస్య పోటుకు గుంట నిండి పల్లపు వరసలోకి మడమల దాకా నీళ్ళొచ్చాయి. పోటు తగ్గినా ఆ నీళ్ళు పోలేదు.

గిలక పాఠం బాగా అర్థమైందని తిప్పికి మంచి మార్కులు వేశాను.


శుద్ధ పంచమి

మోటార్లు పంచాను. పంచడం తేలిక, తిరిగి రాబట్టుకోవడమే కష్టం. ఒక పళ్ళచక్రం ఒక పిల్ల జడలో దొరికింది. ఒక స్క్రూ కరీముల్లా నోట్లో దొరికింది. మింగలేదు, దేవుడి దయ. బ్యాటరీలు గాలిమర దగ్గర నింపుకుని రావాలి. అక్కడ మనిషి నన్ను చూడగానే మొహం తిప్పుకుంటాడు.

మోటారుకు మా ఊళ్ళో ఒకటే నియమం. సవ్యంగా తిరగాలి, అంటే గడియారం ముల్లులా కుడికి. ఎడమకు తిరిగితే అపసవ్యం, మార్కుల్లో సున్నా. ఇది నేను పెట్టింది కాదు. మా ఊళ్ళో తిరగలి కుడికే తిప్పుతారు, చారు కూడా కుడికే కలుపుతారు. పెద్దపంపు చెప్పిన చివరి మాట అది.

పిల్లలకు ప్రతి ఏడూ చెప్పే కథే. యంత్రాలన్నీ మూగబోయిన రోజు పొద్దున పెద్దపంపు "సవ్యం" అంది. ఆ తరవాత ఇంకేమీ అనలేదు. పంపు కాపలా చూసే నాంచారయ్య బాబాయి అప్పుడు కుర్రవాడు, చెవులారా విన్నాడు. కొన్నేళ్ళకు పందికొక్కులు తీగలు కొరికేస్తే ఊళ్ళోవాళ్ళే కొత్త తీగలు బిగించారు. బిగించాక చూస్తే పంపు ఎడమకు తిరుగుతోంది. అంతకుముందు అది ఎటు తిరిగేదో ఎవరికీ తెలియదు. మాట్లాడే రోజుల్లో దాని మూత తీసే పనే పడలేదు. ఎడమకు తిరిగితే సముద్రాన్ని లోపలికి తోడి పోస్తుందని ఊరంతా హడలిపోయింది. వెంటనే ఆపి, మూడు తీగల్లో రెండిటిని అటుదిటూ ఇటుదటూ మార్చి కుడికి తిప్పారు. నీళ్ళు బయటికే పడ్డాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ రోజు నుంచి సవ్యం అంటే సవ్యమే.

ఈ కథ చెబుతుండగానే తిప్పీ కరీముల్లా కొట్టుకునే దాకా వచ్చారు. బల్లకు చెరోవైపు కూర్చుని, మధ్యలో ఒకే మోటారు పెట్టుకుని, కుడికని ఒకరు, ఎడమకని ఒకరు. ఇద్దరూ చెప్పేది నిజమేనని నాకు కాసేపటికి గానీ వెలగలేదు. అటు నుంచి చూస్తే కుడి, ఇటు నుంచి చూస్తే ఎడమ.

"నా కుర్చీలోంచి చూస్తే ఎటు తిరిగిందో అదే లెక్క" అన్నాను.

"మీరు లేచి ఇటొస్తే మారిపోద్దా టీచర్?" అంది తిప్పి.

"నేను లేవను. నాకు మోకాళ్ళ నొప్పులు."


శుద్ధ సప్తమి

ఇవాళ పంపు బొమ్మ. గిన్నె లాంటి డబ్బా, అందులో వంకర రెక్కల చక్రం, దాని వెనక మోటారు, పక్కన ఒక గొట్టం. బడి వరండాలో తొట్లు పెట్టి, ఎవరి చెంబు ముందు నిండుతుందో చూద్దామన్నాను. వరండా అంతా బురద. ఆ నీళ్ళు మోసింది నేనే.

తిప్పి చెంబు అందరికంటే ముందు నిండింది. కొంచెం ముందు కాదు, మిగతావాళ్ళవి సగానికి వచ్చేసరికే దానిది పొర్లిపోయింది. వెళ్ళి చూస్తే తీగలు తారుమారు చేసి కలిపింది. నా కుర్చీలోంచి చూస్తే మోటారు ఎడమకు తిరుగుతోంది. సున్నా వేశాను.

తిప్పి ఏడవలేదు. "నీళ్ళు ఎక్కువొచ్చినా సున్నానేనా టీచర్?"

"సున్నానే."

"ఎందుకని?"

"అపసవ్యం కాబట్టి."

నా నోటితో నేనన్న ఆ మాట సాయంత్రం దాకా చెవుల్లో గింగురుమంటూనే ఉంది. కానీ అప్పటికి బాగా అలిసిపోయి ఉన్నాను. సున్నా వెయ్యడానికి పెద్ద ఓపిక అక్కర్లేదు.

సాయంత్రం కమిటీ వాళ్ళు చాటింపు వేయించారు. పున్నమి పోటుకు పల్లపు వరసలో నడుముల దాకా వస్తుందట. పంపు తోడలేకపోతోందట. పై వరసల్లో చోటు లేదు కాబట్టి పల్లపు వరస వాళ్ళందరూ చతుర్దశి నాడు పడవెక్కి ఒడ్డు మీది షెడ్లకు వెళ్ళిపోవాలట. తిరిగి రావడం గురించి చాటింపులో ఒక్క ముక్క లేదు.

తిప్పి వాళ్ళమ్మ సుబ్బులు చేపల గంప నెత్తిన పెట్టుకునే బడి దగ్గర ఆగింది.

"టీచరుగారూ, ఆ షెడ్లలో బడుందా అండీ?"

లేదని చెప్పాను. అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక లేదు.

"అదే అనుకున్నా" అని వెళ్ళిపోయింది.


శుద్ధ అష్టమి

బడికి సెలవు. ఇంట్లో పడుకోవాల్సిన మనిషిని బడికి వెళ్ళి తొట్లు నింపాను. నాకు బుద్ధి ఉందా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

పెట్టెలన్నీ దించి ఒక్కో పంపూ రెండు రకాలుగానూ తిప్పి చూశాను. కుడికి తిప్పితే నీళ్ళు గొట్టంలోంచి బయటికి వస్తున్నాయి. ఎడమకు తిప్పితే లోపలికి లాగాలి కదా, ఊళ్ళో అందరూ భయపడేది అదే కదా? ఎడమకు తిప్పినా బయటికే వస్తున్నాయి, ఇంకా ఎక్కువ వస్తున్నాయి. రెక్కలు ఒకవైపుకు వంగి ఉన్నాయి. వాటికి నచ్చిన వైపు తిప్పితే నీళ్ళను విసిరేస్తాయి. నచ్చని వైపు తిప్పినా పని చేస్తాయి, చచ్చీ చెడీ చేస్తాయి. కోప్పడ్డ కోడలు అంట్లు తోమినట్టు.

ఒక్కటి తప్ప బ్యాటరీలన్నీ అయిపోయే దాకా తిప్పాను. తరవాత గట్టెక్కి పెద్దపంపు గొట్టం చూశాను. నా మోకాళ్ళకు గట్టెక్కడం అంటే మాటలు కాదు. గొట్టం మూతి మనిషి దూరేంత ఉంది. అందులో సగానికి మించి నీళ్ళు రావడం లేదు. వచ్చినవి కూడా గట్టు పాదంలోనే పడుతున్నాయి. చిన్నప్పుడు ఆ నీళ్ళు దూరంగా అలల్లో పడడం చూసి చప్పట్లు కొట్టేవాళ్ళం. అది నా ఊహో, నిజంగా జ్ఞాపకమో చెప్పలేను. యంత్రాలు మూగబోయేనాటికి నాకింకా మాటలే రాలేదు. తీగలు మార్చేనాటికి నాలుగో తరగతిలో ఉన్నాను.


శుద్ధ దశమి

కమిటీ ముందుకు వెళ్ళాను. అధ్యక్షురాలు ఏసురత్నం గారు చెడ్డ మనిషి కాదు. ఊరి బరువంతా ఆవిడ మీద ఉంది, ఆ కళ్ళ కింద నలుపు చూస్తే తెలుస్తుంది. తొట్టి, బొమ్మపంపు, మిగిలిన ఒక్క బ్యాటరీ పట్టుకెళ్ళి చూపించాను. అందరూ వంగి చూశారు. ఒకాయన మీద నీళ్ళు చిందాయి.

"టీచరుగారూ, బొమ్మ వేరు, ఊరి పంపు వేరు" అన్నారు ఏసురత్నం గారు. "తీగలు మార్చాలంటే పంపు ఆపాలి. పున్నమి ముందర పంపు ఆపమంటారా? మళ్ళీ తిరక్కపోతే? పల్లపు వరసే గాదు, మీ బడి గూడా మునుగుద్ది."

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. అక్కడితో ఊరుకుంటే మర్యాద దక్కేది. కానీ నేను తెలుగు టీచర్ని. పాత నిఘంటువు కూడా చంకన పెట్టుకుని వెళ్ళాను. "చూడండి, సవ్యం అన్న మాటకు ఇందులో ఎడమ అనే అర్థం కూడా ఉంది" అని తీసి చూపించాను. నిజంగానే ఉంది. మొదటి అర్థమే అది.

"టీచరమ్మగారు పంపుకి గూడా నానార్థాలు చెబుతుందిరా" అన్నాడు నీళ్ళు పడ్డాయన.

అందరూ పగలబడి నవ్వారు. ఏసురత్నం గారు నవ్వలేదు గానీ, తల దించుకుని తన కాగితాల్లో ఏదో వెతుక్కున్నారు. తొట్టి పట్టుకుని ఇంటికొచ్చాను. నీళ్ళు అక్కడే పారబోసి రావాల్సింది. కోపంలో తోచక దారంతా మోసుకొచ్చాను.


శుద్ధ ఏకాదశి

ఒడ్డు నుంచి పడవ వచ్చింది. పిల్లలందరూ రేవు దగ్గరే ఉన్నారు, బడికి సగం మంది రాలేదు.

తిప్పి వచ్చింది. పెట్టె నా బల్ల మీద పెట్టి, "అమ్మ ఇచ్చెయ్యమంది టీచర్. స్క్రూలన్నీ ఉన్నాయ్, చూసుకోండి" అంది.

నేను చూసుకోలేదు. ఆ పిల్ల వెళ్ళిపోతుందంటే నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళలో నన్ను కుర్చీలోంచి లేపాలని చూసినది అదొక్కతే.

"రేపు పొద్దున ఈ పెట్టె పట్టుకుని నాతో రా" అన్నాను.

"ఎక్కడికి?"

"పంపు దగ్గరికి."


శుద్ధ ద్వాదశి

నాంచారయ్య బాబాయి పంపు గదిలో తన ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. ఆ పీట ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది, పంపుకు ఎదురుగా. పొద్దునే పంపు ఒంటిమీద చెయ్యి వేసి దాన్ని పలకరించడం ఆయనకు అలవాటు. "ఏమే, ఇయ్యాళ గూడా రొప్పుతున్నావా" అంటున్నాడు మేం వెళ్ళేసరికి. నిజంగానే రొప్పుతోంది. ఆ మూలుగుకు గోడలు కూడా అదురుతున్నాయి.

విషయం చెబితే ఆయన చేతులు ఊపేశాడు. "వద్దమ్మా, దాని జోలికి రామాకండి. దాని మాట దానికుంది."

తిప్పి నేల మీద పెట్టె తెరిచి, మోటారు తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. స్క్రూ తిప్పే పుల్ల చేతికిచ్చింది. "ఈ రెక్కల చక్రం నువ్వు బిగించు తాతా, నాకు పట్టు చాలట్లేదు" అంది. పచ్చి అబద్ధం. ఆ పిల్ల నిన్న అదే స్క్రూ పళ్ళతో తీసింది. ఆయన కళ్ళు చిట్లించుకుని మెల్లగా బిగించాడు. చక్రం వేలితో తిప్పి చూశాడు, మళ్ళీ తిప్పాడు. పసిపిల్లాడిలా నవ్వాడు. "ఇంతేనా? దీని కడుపులో ఉండేది ఇదేనా?"

తొట్లో పెట్టి రెండు వైపులా తిప్పి చూపించాం. చూశాడు. నవ్వు పోయింది.

"మీరు చూపించేది బాగానే ఉందమ్మా. కాని నా చెవులతో నేను విన్నా గదా. సవ్యం అంది."

కమిటీలో నవ్వుల పాలయ్యాక నిఘంటువు జోలికి వెళ్ళకూడదనే అనుకున్నాను. కానీ పిల్లలకు నానార్థాలు చెప్పేటప్పుడు మొదట అడిగే ప్రశ్న నోటికి దానంతట అదే వచ్చింది. ఈ మాట ఇంకెక్కడెక్కడ విన్నారు?

"బాబాయ్, అది ఆ ఒక్క రోజే అందా? అంతకుముందు ఎప్పుడూ అనలేదా?"

"ఎందుకనదు? రోజూ అనేది. పొద్దున ఒకసారి, మాపటేళ ఒకసారి."

"అదొక్కటేనా? ఇంకేవీ అనేవి కాదా?"

"అన్నీ అనేయి గదమ్మా. మా ఇంట్లో పాలపెట్టె అనేది. మీ పిన్ని మందుల డబ్బా అనేది, మాత్ర ఏసుకుంటే. వీధి తలుపు గొళ్ళెం పడగానే సవ్యం అనేది..."

తిప్పి నీళ్ళలోంచి తల ఎత్తింది. "తలుపు ఎటు తిరిగేది తాతా?"

"తలుపు తిరగదే పిల్లా, అది..."

ఆయన ఆగిపోయాడు. పంపు మూలుగుతూనే ఉంది. ఆయన చెయ్యి మెల్లగా వెళ్ళి దాని మీద ఆనింది.

"అంటే అది నాకు పని చెప్పలా" అన్నాడు. "బాగున్నానని చెప్పింది."

"అంతా బాగుందని చెప్పింది బాబాయ్. రోజూ చెప్పినట్టే."

"బాగున్నానని చెప్పినదాన్ని పట్టుకుని ఇన్నేళ్ళూ ఎనక్కి తిప్పి చంపుతున్నానా నేను?" అని ఆ ముసలాయన కండువా మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తిప్పి వెళ్ళి ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. నేను కూడా ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు?


శుద్ధ త్రయోదశి

పొద్దునే బాబాయి నన్ను వెంటబెట్టుకుని ఏసురత్నం గారి ఇంటికి వెళ్ళాడు. ఆవిడ పొయ్యి ముందు ఉన్నారు. బొమ్మ చూపించలేదు, నిఘంటువు చూపించలేదు. ఆయన గుమ్మంలోనే నిలబడి ఒక్క మాట అడిగాడు.

"అమ్మాయ్, యంత్రాలు మాట్లాడేనాటికి నీకు బాగా ఊహ తెలుసు గదా. మీ ఇంట్లో సవ్యం అని ఏది అనేది?"

ఆవిడకు మొదట అర్థం కాలేదు. ఊదుగొట్టం చేత్తో పట్టుకుని ఆలోచించారు. "మేడ మీద నీళ్ళ ట్యాంకు అనేది, నిండాక. ఇంకా మా తమ్ముడి ఉయ్యాల... పసోడు నిద్దరపోతే అనేది. చిన్న గొంతుతో అనేది, ఆడు లేవకుండా."

అని, ఊదుగొట్టం కింద పెట్టేశారు. ఆవిడ తమ్ముడు చిన్నప్పుడే పోయాడని నాకు తెలుసు. ఆ మాట ఆవిడ ఎన్నేళ్ళుగా అనుకోలేదో మరి.

"పాటు వేళ చూసి కానియ్యండి" అన్నారు చివరికి. "ఏదన్నా అయితే మాత్రం..." ఏదన్నా అయితే ఏమిటో పూర్తి చెయ్యలేదు. కొంగు దోపుకుని మాతో వచ్చేశారు.

మధ్యాహ్నం పాటు తీసింది. సముద్రం బాగా కిందికి దిగాక బాబాయి మీట కిందికి లాగి పంపు ఆపాడు. నాలుగో తరగతి రోజుల తరవాత ఈ ఊరిని పంపు చప్పుడు లేకుండా నేనెప్పుడూ వినలేదు. అందరూ ఇళ్ళలోంచి బయటికొచ్చారు. కుక్కలు మొరిగాయి. ఎవరి ఇంట్లోనో చెంచా కింద పడితే ఊరంతా వినపడింది.

కమిటీలో మీద నీళ్ళు పడ్డాయన వచ్చి ఏసురత్నం గారిని గట్టు మీదికి రమ్మన్నాడు, అక్కడైతే భద్రమని. ఆవిడ వెళ్ళలేదు. చెప్పులు విప్పి పల్లపు వరసలోకి దిగి, సుబ్బులు వాళ్ళ గుమ్మంలో, పిక్కల్లోతు నీళ్ళలో నిలబడ్డారు. "ఇక్కడ నీళ్ళు పెరిగితే నాకు తెలియాలి గదా" అన్నారు. ఆవిడ మీద నాకున్న కోపమంతా అప్పుడే పోయింది.

బాబాయి పంపు మూత తీశాడు. మూడు తీగల్లో రెండు విప్పి, అటుది ఇటు, ఇటుది అటు పెట్టాడు. బిగించేటప్పుడు తిప్పి పక్కనే కూర్చుని, "గట్టిగా తాతా, ఇంకొంచెం" అంటూనే ఉంది. మీట పైకి నెట్టాడు. పంపు ఒకసారి దగ్గింది. తరవాత తిరిగింది, ఎడమకు.

నేను భయంతో కళ్ళు మూసుకున్నాను. అందుకని నాకు ముందు తెలిసింది చప్పుడే. మూలుగు లేదు. గోడలు అదరడం లేదు. బరువు దించుకున్న మనిషి నడిచినట్టు సాఫీగా తిరుగుతోంది. గట్టు మీది పిల్లలు ఒక్కసారిగా అరిచారు. కరీముల్లా పరిగెత్తుకుంటూ వచ్చి, "దూరంగా పడుతున్నాయి టీచర్! అలల్లో పడుతున్నాయి!" అని నా చెయ్యి పట్టుకుని లాగాడు. మోకాళ్ళు పట్టించుకోకుండా గట్టెక్కాను. నీళ్ళు గొట్టం మూతి నిండా వచ్చి అంత దూరాన పడుతున్నాయి. నా చిన్నప్పటి జ్ఞాపకం నిజమే.


పున్నమి

నిన్న చతుర్దశి నాడు పడవ ఎక్కించాల్సిన వాళ్ళను ఒక్క రోజు ఆగమన్నారు ఏసురత్నం గారు. పడవవాడు సణుక్కున్నాడు. పల్లపు వరస వాళ్ళందరూ మూటలు కట్టుకుని రేవులోనే కూర్చున్నారు. ఎవరూ పూర్తిగా నమ్మలేదు. నేను కూడా నమ్మలేదు.

పోటు వచ్చింది. బయట సముద్రం గట్టు అంచు దాకా లేచింది. లోపల గుంట నిండింది, పొర్లింది, పల్లపు వరసలో నీళ్ళు పిక్కలు దాటి పెరిగాయి. వరస చివరనున్న ఇంటి గోడ నానిపోయి కూలింది. ఆ ఇంట్లో ముసలమ్మ సామానంతా పోయింది. అది దక్కించలేకపోయాం. కానీ మోకాళ్ళ దగ్గర నీళ్ళు ఆగాయి. ఆగి, పోటు తగ్గక ముందే కిందికి దిగడం మొదలుపెట్టాయి. సుబ్బులు రేవులోంచి వచ్చి తన ఇంటి గోడ మీద బొగ్గుతో గీత గీసింది. కాసేపటికి ఆ గీత కింద తడి గోడ కనిపించింది. ఆవిడ ఆ గోడకు ఆనుకుని అలాగే కూర్చుండిపోయింది.

పడవ ఖాళీగా వెళ్ళిపోయింది.

బాబాయి తన పీటను పంపుకు అవతలి వైపుకు మార్చుకున్నాడు. ఎందుకని అడిగితే, "ఇటేపు నుంచి చూస్తే కుడికే తిరుగుతుందమ్మా. ముసలోణ్ణి, అలవాటైన కళ్ళు" అన్నాడు.


బహుళ తదియ

మళ్ళీ బడి. వరండా కడగాలి. స్క్రూలు కొన్ని తక్కువ ఉన్నాయి, కరీముల్లా నోరు తెరిచి చూపించాడు, అందులో లేవు. గాలిమర మనిషి బ్యాటరీలు అడగకుండానే నింపి పంపాడు. ఇంత వింత జరగడం ఇదే మొదటిసారి.

తిప్పికి వేసిన సున్నాను కొట్టేసి పూర్తి మార్కులు వేశాను. అది చూసి మిగతా పిల్లలు మాకూ వెయ్యమని గోల. అందరికీ వేశాను. ఈ ఊళ్ళో ఇక కుడి ఎడమలకు మార్కులు లేవని చెప్పాను. ఇవాళ పాఠం మీట. నాకు ఇంకా ఒళ్ళు నొప్పులు తగ్గలేదు.

పాఠం సగంలో ఉండగా తిప్పి వచ్చింది. కాళ్ళకు బురద ఉంది, ఎండిన బురద.

"ఇంత ఆలస్యమా?" అన్నాను, గొంతు పెంచే ప్రయత్నం చేస్తూ.

"పొయ్యి దించుతున్నాం టీచర్. గిలక్కి తాడు ఇరుక్కుపోయింది. మంచం రాత్రే దించాం. బియ్యం డబ్బా గూడా దించాం."

"మరి ఇల్లు ఎలా ఉంది?"

తిప్పి కాసేపు ఆలోచించింది. ఇంట్లో అమ్మ, పొయ్యి, మంచం, ఎండుతున్న నేల, ఒక్కొక్కటీ తలుచుకుంటున్నట్టుంది.

"సవ్యం టీచర్" అంది.

ఏది తిరుగుతోందా అని పిల్లలందరూ చుట్టూ వెతికారు. ఏదీ తిరగడం లేదు.